భరణి వాళ్ళమ్మ భానుమతి

భానుమతి పేరెత్తితే మన పత్రికలు ముందుగా ఒక వరస అప్పజెబుతాయి: నటి, గాయని, రచయిత్రి, నిర్మాత, దర్శకురాలు, సంగీత దర్శకురాలు, స్టూడియో యజమానురాలు. ఆ వెంటే ఆత్మాభిమానం అన్న మాట వస్తుంది. కిట్టనివాళ్ళు దాన్నే పొగరు అన్నారు. ఈ మాటల్లో అబద్ధమేమీ లేదు. కానీ ఇవే చెప్పి ఊరుకుంటే ఆమె ఎక్కడి నుంచో ఊడిపడిన ఒంటరి అద్భుతంలా కనిపిస్తారు. ఒక్క మనిషి ఇన్ని పనులు ఎలా చేయగలిగారు, సినిమా రంగంలో ఆడవాళ్ళు అడుగడుగునా సర్దుకుపోవలసి వచ్చిన రోజుల్లో తలెత్తుకుని ఎలా నిలబడగలిగారు అన్న ప్రశ్న మిగిలిపోతుంది. దానికి జవాబులో పెద్ద భాగం ఆమె సంసారంలోనే ఉందని నా నమ్మకం. ఆమె పి.ఎస్. రామకృష్ణారావుకు భార్య, భరణికి తల్లి. నివాళి వ్యాసాల చివర మర్యాద కోసం చేర్చే ఈ వివరంతోనే ఆమె కళ గురించి మాట్లాడటం మొదలుపెట్టాలి.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925 సెప్టెంబరు 7న పుట్టిన భానుమతికి తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యే తొలి సంగీత గురువు. 1939లో సి. పుల్లయ్య తీసిన ‘వరవిక్రయం’తో తెర మీదికి వచ్చారు. కాళ్ళకూరి నారాయణరావు రాసిన ఆ నాటకం వరకట్నం మీద. అందులో ఆమె వేసిన కాళింది పాత్ర, తన పెళ్లి కోసం ఇల్లు గుల్లవుతుంటే చూడలేక ప్రాణం తీసుకునే పిల్ల. కూతురు సినిమాల్లో వేయడానికి ఒప్పుకున్న తండ్రి, మగ నటులెవరూ ఆమెను తాకకూడదని షరతు పెట్టారని అందరూ చెప్పుకునేదే. అలాంటి ఇంట్లో పెరిగిన అమ్మాయి ‘కృష్ణప్రేమ’ చిత్రీకరణ రోజుల్లో, ఆస్తీ హోదా లేని సహాయ దర్శకుడు రామకృష్ణారావును ఇష్టపడ్డారు. ఇంట్లో పెద్దలకు నచ్చకపోయినా 1943 ఆగస్టులో పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత సినిమాలు మానేసి ఇల్లు చూసుకోవాలనే అనుకున్నారు. బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’ కోసం అడగకపోయి ఉంటే, అడిగినప్పుడు భర్త అడ్డు చెప్పి ఉంటే, మనం చెప్పుకుంటున్న భానుమతి ఉండేవారే కాదేమో. 1945లో వచ్చిన ఆ సినిమా ఆమెను దక్షిణాది అంతటా పేరున్న తారను చేసింది.

అసలు మలుపు ఆ తర్వాత ఉంది. 1947లో దంపతులిద్దరూ సొంత నిర్మాణ సంస్థ పెట్టుకుని దానికి కొడుకు పేరు పెట్టారు. భరణీ పిక్చర్స్ వెనకే మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో వచ్చింది. పిల్లల పేర్లు వ్యాపారానికి పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. ఇక్కడ గమనించవలసింది ఆ పేరు కింద జరిగిన పని. ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’, ‘ప్రేమ’, ‘చక్రపాణి’, ‘విప్రనారాయణ’, ‘చింతామణి’, ‘వరుడు కావాలి’, ‘బాటసారి’ సినిమాలకు దర్శకుడు రామకృష్ణారావు. వాటిలో తెర మీద భానుమతి, పాటలో ఆమె గొంతు. ‘చక్రపాణి’కి సంగీత దర్శకత్వం కూడా ఆమెదే. 1953లో తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో వచ్చిన ‘చండీరాణి’కి దర్శకత్వం వహించి, అందులోనే రెండు పాత్రలు వేశారు. ఒక స్త్రీ తెలుగులో సినిమాకు దర్శకత్వం వహించడం అప్పటివరకూ దాదాపు ఊహకందని విషయం. ఆ అవకాశం ఆమె మరో నిర్మాత గడప ఎక్కి అడిగి తెచ్చుకున్నది కాదు. సొంత సంస్థ, సొంత స్టూడియో, పక్కనే పని తెలిసిన భర్త ఉన్నారు కాబట్టి అడగవలసిన అవసరమే రాలేదు.

ఈ కోణంలో చూస్తే ఆమె పొగరు గురించిన కథలకు కూడా అర్థం మారుతుంది. 1955లో విడుదలైన ‘మిస్సమ్మ’ మొదట ఆమెతోనే మొదలైంది. వరలక్ష్మీ వ్రతం చేసుకుని చిత్రీకరణకు ఆలస్యంగా వచ్చారని నిర్మాత చక్రపాణి క్షమాపణ కోరడం, ఆమె ససేమిరా అనడం, అప్పటిదాకా తీసింది పక్కనపెట్టి సావిత్రితో మళ్లీ తీయడం తెలుగు సినిమా కబుర్లు వినేవాళ్ళందరికీ తెలిసిన కథనమే. దీన్ని సాధారణంగా ఇద్దరు మొండివాళ్ళ పంతంగా చెబుతారు. నాకు కనిపించేది వేరు. ఇంట్లో నోచుకునే నోముకూ, బయట చేసే ఉద్యోగానికీ పొత్తు కుదరనప్పుడు ఆడమనిషి ఎటువైపు క్షమాపణ చెప్పాలన్న ప్రశ్న అది. ఈనాటికీ కోట్లమంది ఉద్యోగినులు రోజూ ఎదుర్కొనే ప్రశ్న. ఎవరికీ చెప్పక్కర్లేదని ఆమె అనగలిగారు, ఎందుకంటే ఆ వేషం పోయినా ఆమెకు పని పోదు. ఆత్మాభిమానం చాలామందికి ఉంటుంది. దాన్ని నిలబెట్టుకునే స్తోమత కొందరికే ఉంటుంది. ఆమెకు ఆ స్తోమత భరణీ సంస్థ ఇచ్చింది.

ఇల్లు ఆమెకు అండ మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. ఆమె సరుకు కూడా అక్కడిదే. ‘అత్తగారి కథలు’ చదివినవాళ్ళకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. కోడలు చెప్పే ఆ కథల్లో అత్తగారు మడీ ఆచారం పట్టుకున్న మనిషి, అమాయకురాలు, అవసరమైతే గడుసు. అత్తంటే కోడల్ని రాచిరంపాన పెట్టేది, కోడలంటే కళ్ళొత్తుకునేది అన్న మూస అప్పటి కథల్లోనూ సినిమాల్లోనూ బాగా పాతుకుపోయి ఉంది. ఆ మూసను ఉపన్యాసంతో కాకుండా నవ్వుతో పగలగొట్టారామె. అత్తగారి మాటతీరు, వంటింటి పట్టింపులు, పనివాళ్ళతో పేచీలు, ఇంటికొచ్చిన చుట్టాల ఆరాలు ఇవన్నీ అంత సూక్ష్మంగా రాయాలంటే ఇంటిని తప్పించుకు తిరిగిన మనిషికి సాధ్యం కాదు. ఆ పనుల మధ్య కూర్చుని, విసుక్కుంటూనే ముచ్చటపడుతూ చూసిన కళ్ళు కావాలి. ‘చక్రపాణి’ సినిమాలోనూ ఇదే చూపు. పిసినారి తాత ఆస్తి కోసం లేని మొగుణ్ణీ, తనది కాని పసిబిడ్డనూ చూపించి నెట్టుకొచ్చే అమ్మాయి పాత్రలో, భార్య, తల్లి అన్న హోదాలకు లోకం ఎంత విలువ కడుతుందో కడుపుబ్బ నవ్విస్తూ చూపించారు. ఆ హోదాలు రెండూ నిజజీవితంలో ప్రేమగా నిర్వహించిన మనిషే వాటి మీద ఇంత హాయిగా నవ్వగలిగిందన్నది నన్ను ముగ్ధుణ్ణి చేసే విషయం.

ఆమె కళను సంసారంతో కలిపి చూడాలన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. మగ కళాకారుడు పోతే ఆయన మంచి భర్త అనో, పిల్లల్ని బాగా పెంచాడనో రాయం. ఆయన చేసిన పని గురించి రాస్తాం. ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇల్లాలు, తల్లి అని మొదలుపెడితే, ఎంత సాధించినా చివరికి ఆమెను గడప లోపలే కూర్చోబెట్టినట్టు కాదా? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. అనురాగమయి, త్యాగమూర్తి అని విశేషణాలు పేర్చి, ఆమె చేసిన పనిని ఒక్క ముక్కలో తేల్చేసే సంస్మరణలు రోజూ చూస్తున్నాం. అవి ప్రేమతో రాసినవే అయినా ఆ మనిషిని చెరిపేస్తాయి. అయితే దానికి విరుగుడు ఇంటిని దాచిపెట్టడం అనుకోను. భార్యగా, తల్లిగా ఆమె ఏం చేశారో, ఏం పొందారో, అది ఆమె పాటలోకీ రాతలోకీ ఎలా వచ్చిందో వివరంగా చెప్పాలి. ‘ఉత్తమ ఇల్లాలు’ అన్న మాటలో మనిషి కనిపించదు. భర్త దర్శకత్వంలో నటిస్తూ, సొంత సంస్థ సినిమాకు వరసలు కడుతూ, అత్తాకోడళ్ళ కథలు రాసిన ఇల్లాలు అంటే ఒక మనిషి కళ్ళకు కడుతుంది. మగవాళ్ళ గురించి కూడా ఇలాగే రాయాలి. వాళ్ళ పని వెనక ఎవరి శ్రమ ఉందో అప్పుడు బయటపడుతుంది.

ఆమెకు డబ్బుంది, స్టూడియో ఉంది, అదే వృత్తిలో ఉన్న భర్త దొరికారు, మామూలు సంసారాలకు ఆమె ఏం ఆదర్శం అని మరికొందరు అడగవచ్చు. ఆ సంగతి నిజమే. ఆమెను ఆదర్శంగా ఎత్తిచూపడం నా ఉద్దేశం కూడా కాదు. ఆమె కథ ఒక రుజువు. ప్రతిభకు తోడుగా ఆస్తి మీద హక్కు, పని పంచుకునే భర్త, నిర్ణయం తీసుకునే అధికారం ఉంటే ఆడమనిషి ఎన్ని దిక్కులకు విస్తరించగలదో అందులో కనిపిస్తుంది. మన ఇళ్ళలో పాటలు కట్టినవాళ్ళు, బొమ్మలు చేసినవాళ్ళు, కథలు చెప్పి పిల్లల్ని పెంచినవాళ్ళు ఎందరో వెళ్ళిపోయారు. వాళ్ళకు తక్కువైంది ప్రతిభ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

వయసు పెరిగినకొద్దీ ఆమె పనిలోకి పిల్లలూ మనవలూ ఇంకా ఎక్కువగా వచ్చారు. 1982లో పిల్లలతోనే ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీశారు. 1984లో ‘మంగమ్మగారి మనవడు’లో బాలకృష్ణకు నాయనమ్మగా కొత్త తరం ప్రేక్షకులకు దగ్గరయ్యారు. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1986లో రామకృష్ణారావు పోయారు. ఆ తర్వాత ఆమె దాదాపు రెండు దశాబ్దాలు జీవించి 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు. ఇంత జరిగినా ఒక లోటు ఉండిపోయింది. ‘విప్రనారాయణ’నూ ‘బాటసారి’నీ మనం భానుమతి సినిమాలని తలుచుకుంటాం, దర్శకుడి పేరు చాలామందికి గుర్తుండదు. ‘చండీరాణి’ దగ్గరికి వచ్చేసరికి కొందరు అదంతా భర్త అండ వల్లే అంటారు. రెండూ అన్యాయమే. ఆ సినిమాలను వరసగా పెట్టుకుని, కెమెరా ఆమె మీద ఎంతసేపు నిలిచింది, పాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, హాస్యం ఎవరి గొంతులో పలికింది అని ఓపిగ్గా చూసే పరిశోధకులు రావాలి. అలా చూస్తే భార్యాభర్తల్లో ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో కొంతవరకైనా తేలుతుంది.