మదనపల్లెలో కృష్ణబిలం ఉంటే...

ఆంధ్రప్రదేశ్ పటమూ, వృత్తలేఖినీ తీసుకోండి. ముల్లు మదనపల్లె మీద గుచ్చి, పుంగనూరు మీదుగా ఒక వృత్తం, కుప్పం మీదుగా ఇంకొకటి గీయండి. రోడ్ల మలుపులు వదిలేస్తే మొదటి దాని వ్యాసార్ధం సుమారు 22 కిలోమీటర్లు, రెండో దానిది సుమారు 90.

ఇప్పుడు మదనపల్లెలో సూర్యుడికి 10 రెట్లు ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉందనుకుందాం. (అనుకోవడమే సుమా! నిజంగా ఉంటే టమాటా మార్కెట్టే కాదు, భూమే మిగలదు.)

కృష్ణబిలంలోకి వాయువు తిన్నగా పడదు. సుడి తిరుగుతూ పళ్ళెంలా పరుచుకుని, మెల్లగా లోపలికి జారుతుంది. ఒక హద్దు దాటాక మాత్రం కక్ష్యలో నిలవలేక ఒక్కసారిగా పడిపోతుంది. బిలం తిరగనిదైతే ఆ హద్దు కుప్పం దగ్గర. గరిష్ఠ వేగంలో నూటికి 99 వంతులతో తిరిగేదై, వాయువు కూడా అదే దిశలో తిరుగుతుంటే, హద్దు పుంగనూరు దగ్గర! తిరిగే బిలం తన చుట్టూ ఉన్న స్థలాన్ని కూడా తనతో లాగి తిప్పుతుంది మరి. తమాషా ఏమిటంటే, తిరగని బిలం అంచే 30 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే పుంగనూరు దాని కడుపులో ఉన్నట్టే. తిరిగేదాని అంచు 17 కిలోమీటర్లకు ముడుచుకుపోతుంది, పుంగనూరు బయట పడుతుంది. 1963లో రాయ్ కెర్ సాధించిన సమీకరణాల నుంచి వచ్చిన లెక్కలివి.

గెలాక్సీల నడుమ ఉండే బృహత్ కృష్ణబిలాలకూ ఇదే నిష్పత్తి. 20 లక్షల సూర్యులంత బిలానికి కుప్పం వృత్తం సుమారు 1 కోటి 80 లక్షల కిలోమీటర్లు. కాని కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి అది చుక్కలో చుక్క. మరి హద్దు కుప్పం దగ్గరో, పుంగనూరు దగ్గరో ఎలా తెలియడం?

ఇనుము చెబుతుంది. బిలం దగ్గర పుట్టిన ఎక్స్ కిరణాలు పళ్ళెంలోని ఇనుప పరమాణువులను తాకితే, అవి 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్ కిరణాలను వెలువరిస్తాయి. వర్ణపటంలో ఇది సన్నని గీతగా ఉండాలి. అయితే బావి ఎంత లోతయితే నీళ్ళు చేదడానికి అంత శ్రమ కదా! గురుత్వాకర్షణ నుంచి బయటపడే కిరణం కూడా అలాగే శక్తి కోల్పోతుంది. గీత కాస్తా తక్కువ శక్తి వైపు తోకలా సాగుతుంది. తోక ఎంత సాగితే వాయువు అంత లోపల ఉన్నట్టు. 1995లో జపాన్ ఉపగ్రహం ఆస్కా పరిశీలనల్లో ఇలాంటి తోక బయటపడింది.

అందరూ ఒప్పుకోలేదు. అడ్డుగా ఉన్న వాయు మేఘాలు కొన్ని కిరణాలను మింగేసినా ఇటువంటి తోకే కనిపిస్తుందన్నారు. ఆ వాదన న్యాయమైనదే. 2013లో ఎన్.జి.సి. 1365 అనే గెలాక్సీ విషయంలో తీర్పు వచ్చింది. నూస్టార్, ఎక్స్.ఎం.ఎం.-న్యూటన్ ఉపగ్రహాలు దాన్ని కలిసి చూశాయి. నూస్టార్ పట్టిన అధిక శక్తి కిరణాలు మేఘాల లెక్కకు పొసగలేదు. బిలం గరిష్ఠ వేగంలో కనీసం 84 శాతంతో తిరుగుతోందని తేలింది.

ఈ వేగం బిలం జాతకం వంటిది. ఒకే దిశలో చాలాకాలం వాయువును మింగిన బిలం జోరుగా తిరుగుతుంది. అటో ముద్ద, ఇటో ముద్ద మింగి పెరిగినది నెమ్మదిగా తిరుగుతుంది.

హార్సిలీ కొండ ఎక్కి దూరదర్శిని పెట్టినా ఈ కిరణాలు అందవు, గాలి అడ్డుకుంటుంది. అందుకే 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ పైకెళ్ళింది. 4యు 1630-47 అనే జంటలోని కృష్ణబిలం దాదాపు 0.9 వంతు వేగంతో తిరుగుతోందని దాని పరిశీలనల ఆధారంగా 2018లో ప్రకటించారు. అది నక్షత్రమంత చిన్న బిలం. మన పటంలో గీస్తే, దాని హద్దు పుంగనూరు దాటి, మదనపల్లెకు సుమారు 35 కిలోమీటర్ల దగ్గర పడుతుంది.