ఉప్పెనకు కులం లేదంటారు

తుపాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: ప్రకృతి ముందు అందరూ సమానులేనని, ఉప్పెనకు కులం లేదని. మంచి మనసుతోనే అంటారు. నవంబర్ 19 వచ్చినప్పుడల్లా దివిసీమ మృతులకు నివాళి ఘటించే వేదికల మీద ఈ మాట మరింత గంభీరంగా పలుకుతుంది. సంతాపం చెప్పేచోట తగువు పెట్టుకోవడం మర్యాద కాదని ఎవరూ దానిని ప్రశ్నించరు. ఆ సంతాపాన్ని గౌరవిస్తూనే ప్రశ్నించవలసి ఉందని నేను భావిస్తున్నాను.

1977 నవంబర్ 19న కృష్ణానది చీలి సముద్రంలో కలిసే దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మందికి పైగా మరణించారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి సముద్రపుటంచు పల్లెలు ఒక్క పూటలో శ్మశానాలయ్యాయి. ఆ పల్లెల్లో ఉన్నవారెవరు? వేట మీద బతికే మత్స్యకారులు, యానాదులు, పొలం పనుల మీద బతికే మాల మాదిగలు. అది వరికోతల కాలం కనుక కూలి కోసం బయటి ప్రాంతాల నుంచి వచ్చినవారూ ఉన్నారు. వారి ఇళ్లు మట్టిగోడలు, తాటాకు కప్పులు. మేడ అందుబాటులో ఉన్నవారు పైకెక్కి బతికారు. లేనివారు తాటిచెట్లను, తుమ్మకంపలను కరుచుకున్నారు. మేడ కట్టాలంటే పంట మిగలాలి, పంట మిగలాలంటే పొలం ఉండాలి. ఆ పొలం తరతరాలుగా ఏ కులాల చేతుల్లో ఉన్నదో డెల్టా తెలిసిన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

మేడ్చల్ పారిశ్రామికవాడకు దగ్గరలో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉండే పెద్దాయన దివిసీమ మనిషి. ఉప్పెన నాటికి ఆయనకు పదకొండేళ్లు. ఆ రాత్రి ఊరి ఆసామి ఒకరు తలుపు తీసి వాడ జనాన్ని మేడ మీదికి పిలిచారట. అంతకు ముందు ఆ ఇంటి అరుగు దాటి లోపలికి వెళ్లినవారు వాడలో లేరు. పిల్లలు, ముసలివాళ్లు, ఆసామి ఇంటి ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారట. తర్వాత ఏమైందని అడిగాను. ‘‘మేడెక్కించుకున్నారండి, ఆ మాట చెప్పకపోతే కళ్లు పోతాయి. తెల్లారాక గంజి మాత్రం కిందే పోశారండి,’’ అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, కృతజ్ఞతకు కొదవా లేదు. ఆ రెండు వాక్యాలను పక్కపక్కనే పెట్టుకుని ఆయన ఇంతకాలం బతికాడు. మానవత్వం వెల్లివిరిసిందని రాసే మన వ్యాసాల్లో మొదటి వాక్యం ఒక్కటే కనిపిస్తుంది.

ఆనాడు ఆంధ్రదేశం కదలలేదని అనను. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు విరాళాల కోసం ఊరూరా తిరిగారు. విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు కుళ్లిన శవాల మధ్య పనిచేశారు. ఆ సానుభూతి నిజమైనదే. అయితే సరిగ్గా ఎనిమిదేళ్లు తిరగకముందే, 1985 జూలైలో, అదే కోస్తాలో కారంచేడు జరిగింది. ఆ గొడవ మంచినీటి చెరువు దగ్గరే మొదలయింది. ఊరు విడిచి చీరాల చేరిన మాదిగలు వెనక్కి వెళ్లబోమన్నారు. ఉప్పెన బాధితుల కోసం కన్నీరు పెట్టిన సమాజమే ఈ బాధితులను చూసి రెండుగా చీలిపోయింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో శవాలను ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులలో అత్యధికులు దళితులు. అక్కడే శిబిరాల్లో నీటి దగ్గర, తిండి దగ్గర వివక్ష జరిగినట్లు దళిత సంఘాలూ హక్కుల సంస్థలూ నమోదు చేశాయి. 2005లో కత్రినా హరికేన్ ముంచుకొచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్ ఖాళీ చేయాలన్న ఆదేశం అందరికీ ఒకటే. కారు ఉన్నవారు వెళ్లిపోయారు. లేనివారు, వారిలో ఎక్కువమంది నల్లవారు, ఇళ్ల కప్పుల మీద మిగిలారు.

సముద్రం మనకు దూరమని హైదరాబాదు ఉత్తర శివార్లలో ఉన్న మనం అనుకుంటాం. 2020 అక్టోబర్ 13న కాకినాడ వద్ద తీరం దాటిన వాయుగుండం ఆ రాత్రికే నగరాన్ని ముంచింది. మా మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలోని ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అటువంటి వాన పడితే శామీర్‌పేట పరిసరాల్లో ముందుగా తడిసేది ఎవరు? ఇటుక బట్టీల పక్కన పచ్చి ఇటుకలు పేర్చుకుని నడుము వంచి దూరే గుడిసెల్లో ఉండే ఒడిశా కూలీలు, కోళ్ల ఫారాల షెడ్ల పక్కన కాపురముండే కుటుంబాలు. బొలంగీర్, నువాపడా జిల్లాల నుంచి వచ్చే ఆ కూలీలలో అధికులు దళితులు, ఆదివాసులు. వారికి ఇక్కడ రేషన్‌కార్డు లేదు, ఓటు లేదు, కరెంటు బిల్లు లేదు. నగరంలో వరదసాయంగా ప్రకటించిన పదివేల రూపాయలు ఇంటి యజమానికా, అద్దెకున్నవారికా అని వాదనలు జరిగాయి. ఇల్లే లెక్కలోకి రానివారి ఊసు ఆ వాదనల్లో లేదు.

పరిహారమంతా కాగితం చుట్టూ తిరుగుతుంది. పంట మునిగితే పెట్టుబడి రాయితీ పట్టా చూపినవారికి చేరుతుంది, పెట్టుబడి పెట్టినవారు కౌలుదారులు. ఆంధ్రప్రదేశ్ 2011లో సాగుదారుల చట్టం తెచ్చింది. 2019 నాటి కొత్త చట్టంలో భూయజమాని సంతకం ఉంటేనే కార్డు. కౌలు చేసే దళితుడు ఆసామి దగ్గరికి వెళ్లి ఆ సంతకం అడగగలడా అన్నది చట్టం రాసినవారికి తట్టినట్లు లేదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కౌలుదారులను అసలు లెక్కలోకే తీసుకోలేదు.

ఏదీ మారలేదనడం కూడా సత్యం కాదు. 1999లో ఒడిశా పెనుతుపానుకు దాదాపు పదివేల మంది బలయ్యారు. 2013లో అదే తీరాన్ని ఫైలిన్ తాకినప్పుడు మృతులు 50 లోపే. ముందస్తు హెచ్చరిక, లక్షలాది మంది తరలింపు, పక్కా ఆశ్రయ భవనాలు ఈ తేడా తెచ్చాయి. కనుకనే ఇప్పుడు చావును విధి మీదికి నెట్టడం కుదరదు. ఆశ్రయ భవనం ఊరిలో కట్టారా, వాడలో కట్టారా? దాని తాళం ఎవరి ఇంట్లో ఉంటుంది? లోపల పొయ్యి ఒకటా, రెండా?

విపత్తు తర్వాత వెలువడే నివేదికల్లో మృతుల సంఖ్య, కూలిన ఇళ్ల సంఖ్య, చనిపోయిన పశువుల సంఖ్య ఉంటాయి. మృతుల కులం సాధారణంగా కనిపించదు. 2024లో తెలంగాణ ఇంటింటికీ తిరిగి కులం లెక్క తీసింది. మునిగిన ఇళ్ల జాబితాకు ఆ గడి ఒకటి చేర్చడం అసాధ్యమేమీ కాదు. ఈసారి తుపాను సాయానికి దుప్పట్లు, బియ్యం మోసుకుని తీరానికి వెళ్లే మా విద్యార్థులకు నేను చేసే విన్నపం ఇదే: పంచడం మొదలుపెట్టే ముందు రోడ్డు మీద ఆగిపోకుండా చివరి వాడ దాకా నడవండి. ఎవరికి ఎన్నో రోజున మొదటి బియ్యం అందాయో అడిగి, రాసుకుని రండి.