ఫైల్‌లో ‘బాధ’ ఉంది... ప్రింట్‌లో లేదు!

తాతయ్య ఎర్ర పెన్ను తీశాడంటే మా ఇంట్లో ఇప్పటికీ అందరికీ దడే. ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు మాస్టారుగా చేశాడు మరి. ఎవరైనా శుభలేఖ తెచ్చి చేతికిస్తే ముందు అచ్చుతప్పులు చూసి, ఆ తర్వాతే ముహూర్తం చూస్తాడు.

అలాంటి మనిషి తన బడి రోజుల జ్ఞాపకాలను రెండు లాంగ్ నోట్‌బుక్కుల నిండా రాసిపెట్టాడు. తాతయ్య 80వ పుట్టినరోజుకి వాటిని చిన్న పుస్తకంగా వేయించి, వచ్చినవాళ్లందరికీ తలొకటి ఇద్దామని అనుకున్నాం. టైపింగ్ బాధ్యత నాది. రోజూ ఆఫీసు పని అయ్యాక కూర్చుని, నెలన్నరలో 64 పేజీలు పూర్తిచేశా. పీడీఎఫ్ చేసి, బస్టాండు పక్కనున్న జిరాక్స్ షాపులో ఒక కాపీ తీయించి తాతయ్య చేతిలో పెట్టా.

మర్నాడు పొద్దున్నే కాగితాలు నా దగ్గరకు తిరిగొచ్చాయి. మొదటి పది పేజీల్లోనే 23 ఎర్ర సున్నాలు!

“ఏమే, ‘బాధ’కి ‘ద’ రాశావేంటి? ‘ఫలితం’లో ‘ఫ’ ఏదీ? ‘ఢిల్లీ’ కూడా రాదా నీకు?”

నాకు ఒళ్లు మండింది. ఫోన్ తీసి ఫైల్ ఓపెన్ చేశా. ‘బాధ’ బాగానే ఉంది. ‘ఫలితం’ కరెక్టే. ‘ఢిల్లీ’ కూడా కరెక్టే. వేళ్లతో పెద్దది చేసి మరీ చూపించా. “చూడు తాతయ్యా, ఒక్క తప్పు కూడా లేదు” అన్నా, కాస్త గర్వంగానే.

తాతయ్య ఫోన్ వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు. కళ్లజోడు తీసి కండువాతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. “అయితే నా కళ్లేనమ్మా” అని పెన్నుకి మూత పెట్టేశాడు.

ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయి ఏడాదైంది. రెండో కంటికి చేయాలన్నారు. ఆ భయం లోపల ఉన్నట్టుంది. మర్నాడు పేపర్ ముట్టుకోలేదు. “హెడ్డింగులు నువ్వే చదువు తల్లీ” అన్నాడు. పొద్దున్నే పేపర్ కోసం గేటు దగ్గర కాచుకుని ఉండే మనిషి! గెలిచానన్న నా గర్వం అక్కడే చచ్చిపోయింది.

ఆ కాగితం తీసుకుని వెలుతురులోకి వెళ్లా. నా కళ్లకీ అక్కడ ‘బాద’ అనే కనిపిస్తోంది! ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూశా. అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. ‘ధ’ కింద ఉండాల్సిన బుల్లి గీత పక్క గీతలో కలిసిపోయింది. తాతయ్య కళ్లు ఉన్నది ఉన్నట్టే చదివాయి. తప్పు ప్రింట్‌దే. పుట్టినరోజుకి ఇంకా ఐదు రోజులే ఉంది.

ప్రింటర్ బాగుంది, ఫైల్ బాగుంది... మరి?

షాపుకెళ్లి గొడవ పెట్టుకుందామనుకున్నా. అక్కడి కుర్రాడు మంచివాడు. టోనర్ తీసి ఊపి పెట్టాడు, సెట్టింగుల్లో టోనర్ సేవింగ్ ఆన్‌లో ఉందేమో చూశాడు. మళ్లీ ప్రింట్ ఇచ్చాడు. అదే మసక. “ఫైలే అలా ఉందక్కా” అన్నాడు. అప్పుడే అదే మెషీన్‌లోంచి ఎవరిదో అఫిడవిట్ వచ్చింది. అక్షరాలు గీసినట్టు ఉన్నాయి. అంటే ప్రింటర్ బాగానే ఉంది. నా ఫోన్‌లో ఎంత జూమ్ చేసినా అక్షరం అంచు చెదరట్లేదు. అంటే ఫైలూ బాగానే ఉంది.

ఈ రెండింటికీ మధ్యలో ఇంకొకరున్నారు. ఫైల్‌ని తెరిచి ప్రింటర్‌కి అందించే సాఫ్ట్‌వేర్. ఆ కంప్యూటర్‌లో పీడీఎఫ్ మీద క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది. కుర్రాడు అక్కడి నుంచే ప్రింట్ కొడుతున్నాడు. “తమ్ముడూ, ఇదే ఫైల్‌ని వేరేదాంట్లో తెరిచి, ఏడో పేజీ ఒక్కటే ఇవ్వవా?” అని అడిగా. ఆ సిస్టంలోనే ఉన్న అడోబ్ రీడర్‌లో తెరిచి ఇచ్చాడు.

‘బాధ’లో ‘ధ’ స్పష్టంగా వచ్చింది. అదే ఫైలు, అదే ప్రింటరు, అదే కాగితం. మారింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే.

ఒకటే డిక్టేషన్, తలో రకం చేతిరాత

మనలో చాలామంది పీడీఎఫ్ అంటే పేజీకి తీసిన ఫొటో అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. స్కాన్ చేసిన కాగితాల సంగతి వేరు, అవి నిజంగా ఫొటోలే. కానీ టైప్ చేసి తయారుచేసిన పీడీఎఫ్‌లో ఉండేవి ఆదేశాలు. ‘ఈ ఫాంట్‌లో ఈ అక్షరాన్ని, ఇంత సైజులో, పేజీలో ఇదిగో ఇక్కడ గీయి’ అన్నట్టు.

అడోబ్ సంస్థాపకుల్లో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో ‘క్యామెలాట్’ అనే ప్రాజెక్టుతో దీనికి శ్రీకారం చుట్టారు. ఏ కంప్యూటర్‌లో తయారైన పేజీ అయినా ఏ కంప్యూటర్‌లో చూసినా, ఏ ప్రింటర్‌లో తీసినా ఒకేలా ఉండాలన్నది ఆయన ఆలోచన. 1993లో పీడీఎఫ్ బయటికొచ్చింది. 2008లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ ఎవరైనా తయారుచేసుకోవచ్చు. క్రోమ్‌లో ‘పీడీఎఫియం’, ఫైర్‌ఫాక్స్‌లో ‘పీడీఎఫ్ డాట్ జేఎస్’, అడోబ్ రీడర్‌లో దాని సొంత ఇంజిన్ ఆ పని చేస్తాయి.

మాస్టారు చెప్పే డిక్టేషన్ ఒకటే. రాసే పిల్లలు వేరు. పదాలు అవే అయినా ఒకడి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఇంకొకడిది కోడిగీతల్లా ఉంటుంది. స్క్రీన్ మీద ఆ తేడా పెద్దగా తెలియదు. కాగితం మీదికి వచ్చేసరికి బయటపడుతుంది.

‘ధ’కి దక్కిన చుక్కలెన్ని?

ప్రింట్ కొట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ రెండు రకాలుగా పనిచేయొచ్చు. అక్షరాలను అక్షరాలుగానే ప్రింటర్‌కి పంపడం ఒకటి. అప్పుడు ప్రింటర్ తన శక్తి మేరకు నున్నగా గీస్తుంది. రెండోది, పేజీ మొత్తాన్ని ముందే ఒక బొమ్మగా మార్చేసి ఆ బొమ్మను పంపడం. ఆ బొమ్మ నాణ్యత ఎంతో, ప్రింట్ కూడా అంతే.

చిన్న లెక్క చూడండి. మామూలు లేజర్ ప్రింటర్ అంగుళానికి 600 చుక్కలు వేయగలదు. దీన్నే 600 డీపీఐ అంటారు. ఆ లెక్కన ఏ4 పేజీకి అడ్డంగా 4,960, నిలువుగా 7,016 చుక్కలు. సాఫ్ట్‌వేర్ పేజీని 150 డీపీఐ బొమ్మగా మార్చిందనుకోండి. అప్పుడు ఉండేవి 1,240, 1,754 మాత్రమే. 12 పాయింట్ల అక్షరం అంటే అంగుళంలో ఆరో వంతు. 600 డీపీఐలో దాని ఎత్తుకి 100 చుక్కలు దక్కితే, 150 డీపీఐలో 25 దక్కుతాయి. ఆ పాతికలోనే తలకట్టు, అక్షరం పొట్ట, కింద గీత, ఒత్తు... అన్నీ సర్దుకోవాలి!

ఇంగ్లిష్ అక్షరాలు దీన్ని కాస్త తట్టుకుంటాయి. మన లిపికి కష్టం. ‘ద’కి ‘ధ’కి, ‘ప’కి ‘ఫ’కి, ‘డ’కి ‘ఢ’కి తేడా ఒక్క బుల్లి గీతే. ఆ గీత కరిగిపోతే మాటే మారిపోతుంది.

ఇందులో నా తప్పు కూడా ఉంది

అదే షాపులో అన్ని పేజీలూ మసగ్గా రాలేదు. విషయసూచిక బాగానే వచ్చింది. మిగతావి ఎందుకు పాడయ్యాయి? ఇంటికొచ్చి ఫైల్ చూస్తే అప్పుడు వెలిగింది. విషయసూచిక తప్ప ప్రతి పేజీలో అక్షరాల వెనకాల బడిగంట బొమ్మ పెట్టా, పల్చగా కనబడేలా. అందంగా ఉంటుందని! ఇలా ఒకదాని వెనక ఒకటి కనిపించే పారదర్శక బొమ్మలు ఉంటే, కొన్ని సాఫ్ట్‌వేర్‌లు కొన్ని ప్రింటర్లతో కుస్తీ పడలేక పేజీ మొత్తాన్ని బొమ్మగా మార్చేస్తాయి. ఆ గంట తీసేసి మళ్లీ పీడీఎఫ్ చేశా. సాయంత్రం షాపుకెళ్లి అదే బ్రౌజర్ నుంచి ప్రింట్ ఇప్పించా. ఈసారి అక్షరాలు నిలబడ్డాయి.

ఇంకొకటి కూడా పట్టుకున్నా. స్టైల్‌గా ఉంటుందని అక్షరాలకి నలుపు బదులు ముదురు బూడిద రంగు ఇచ్చా. బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ దగ్గర బూడిద రంగు టోనర్ ఉండదు. నల్ల చుక్కల్ని ఎడం ఎడంగా వేసి బూడిద రంగులా కనిపించేలా చేస్తుంది. దాంతో అక్షరం అంచులు చుక్కలు చుక్కలుగా చెదురుతాయి. రంగుని పూర్తి నలుపుకి మార్చేశా. తేడా మామూలుగా లేదు!

మీ ప్రింట్ మసకబారితే...

రెజ్యూమే కావచ్చు, హాల్‌టికెట్ కావచ్చు, ప్రాజెక్ట్ రిపోర్ట్ కావచ్చు. ప్రింట్ తేడాగా వస్తే వరసగా ఇవి చూడండి.

* ముందు జూమ్ చేయండి. స్క్రీన్ మీద ఫైల్‌ని బాగా పెద్దది చేసి చూడండి. అక్షరాలు అక్కడే పగిలిపోతుంటే ఆ ఫైల్‌లో ఉన్నది ఫొటోనే. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. అసలు డాక్యుమెంట్ నుంచి మళ్లీ పీడీఎఫ్ చేసుకోవాల్సిందే.

* ఒక్క పేజీనే, రెండు సాఫ్ట్‌వేర్‌ల నుంచి. బ్రౌజర్ నుంచి ఒకటి, పీడీఎఫ్ రీడర్ నుంచి ఒకటి తీయించండి. ప్రింటర్, కాగితం మార్చొద్దు. ఒకేసారి నాలుగు మార్చేస్తే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు.

* ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ చూడండి. అడోబ్ రీడర్‌లో ప్రింట్ విండోలోని ‘అడ్వాన్స్‌డ్’లో ఉంటుంది. అది టిక్ అయి ఉంటే తీసేయండి. అయితే అక్షరాలు మసగ్గా కాకుండా తారుమారుగా వస్తుంటే, ఒత్తులు ఎగిరిపోతుంటే మాత్రం దాన్నే ఆన్ చేసి, ఎక్కువ డీపీఐ పెట్టి చూడండి. అప్పుడు అదే ఆదుకుంటుంది.

* ఫాంట్ లోపల ఉందా? డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ‘ఫాంట్స్’ ట్యాబ్ తెరవండి. ఫాంట్ పేరు పక్కన ‘ఎంబెడెడ్’ అనో ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ అనో ఉండాలి. లేకపోతే ఆ సిస్టంలో ఉన్న వేరే ఫాంట్‌తో సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది. తెలుగు గజిబిజిగా మారేది చాలాసార్లు ఇక్కడే. పీడీఎఫ్/ఏ రకంలో సేవ్ చేస్తే ఫాంట్లు తప్పకుండా లోపలే ఉంటాయి.

* సైజు సంగతి. ‘ఫిట్’ అని ఉంటే పేజీ పెరగొచ్చు, తగ్గొచ్చు. కొలత ముఖ్యమైన ఫారాలకి, లేబుళ్లకి ‘యాక్చువల్ సైజ్’ పెట్టమనండి.

* వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గానే పంపండి. పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఫొటోగా పంపితే అక్షరాలు అక్కడే సగం చచ్చిపోతాయి.

షాపువాళ్లని అడగడానికి మొహమాటపడొద్దు. ‘అన్నా, ఒకసారి వేరేదాంట్లో తెరిచి ఇవ్వవా?’ అంటే అయిపోయే పనికి నేను రెండు రోజులు తిరిగా.

ఎర్ర పెన్ను మళ్లీ తెరుచుకుంది

కొత్త కాపీ తెచ్చి తాతయ్య ముందు పెట్టా. పాత ఏడో పేజీని దాని పక్కనే పెట్టి, “నీ కళ్లు కరెక్టే తాతయ్యా. కాగితం మీద ‘బాద’ అనే ఉంది. నువ్వు ఉన్నదే చదివావు. నేనే సరిగ్గా చూడకుండా నీకు ఫోన్ చూపించా” అన్నా.

ఏమీ మాట్లాడలేదు. రెండు కాగితాల్నీ చాలాసేపు మార్చి మార్చి చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు.

సాయంత్రానికి 64 పేజీలూ చదివేశాడు. ఈసారి నాలుగే సున్నాలు. నాలుగూ ఫోన్‌లో చెక్ చేశా. నాలుగూ నిజంగానే నా తప్పులు.

“ఇవి మాత్రం మెషీన్ మీదకి తోసెయ్యకు” అని నవ్వాడు. ఆ తర్వాత అటూ ఇటూ చూసి, “ఇవాళ్టి పేపర్ ఎక్కడ పెట్టావే?” అన్నాడు.