ఓర్పు పందెములు - ఒడలి వెచ్చము

గంటల తరబడి, దినముల తరబడి సాగెడి ఓర్పు పందెములు లోకమున పెక్కు గలవు. దూరపు పరుగులు, సైకిలు పందెములు, కాళ్లకు పలకలు కట్టుకొని మంచుమీద జారెడి స్కీ పందెములు, ఈతలు, పడవ పందెములు - వీనిలో దేనియందు దేహమునకు ఎక్కువ ఖర్చగునని నా విద్యార్థులు తఱచుగా అడుగుచుందురు. నేను శరీరధర్మశాస్త్రము బోధించువాడను. అయినను ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పజాలను. గంటకు లెక్క వేసినచో ఒకడు గెలుచును. దినమునకు లెక్క వేసినచో వేఱొకడు గెలుచును. నెలలకు లెక్క వేసినచో అందఱును ఇంచుమించు ఒక్క వరుసకు దిగివత్తురు. ఈ మూడవ లెక్క మన పల్లెలలోని కష్టజీవులకును సంబంధించినది.

మొదట కొలతను గూర్చి రెండు మాటలు. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వెచ్చజేయుటకు కావలసిన వేడిమిని ఆహారశాస్త్రజ్ఞులు ఒక కేలరీ యందురు. నూఱు గ్రాముల బియ్యము వండుకొని తినినచో మనకు దాదాపు 350 కేలరీలు లభించును. అంకెలు పెద్దవైనప్పుడు నేను బియ్యముతోనే చెప్పెదను.

మనుష్యుడు కదలక పరుండియున్నను గుండె కొట్టుకొనవలయును, ఊపిరి ఆడవలయును, ఒడలి వెచ్చదనము నిలువవలయును. 65 కిలోల పురుషునకు ఈ కనీసపు ఖర్చే దినమునకు 1,500 కేలరీలు. దీనికి మూలవ్యయమని పేరు పెట్టుకొందము. భారత వైద్య పరిశోధన మండలియు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు 2020లో ప్రకటించిన పట్టికలో అట్టి పురుషుడు కూర్చుండి పనిచేయువాడైనచో 2,110 కేలరీలు, మధ్యరకపు శ్రమ చేయువాడైనచో 2,710, కఠినశ్రమ చేయువాడైనచో 3,470 కావలయునని యున్నది. కఠినశ్రమ చేయు కూలివాని ఖర్చు ఒక కిలో బియ్యమునకు సరి. అది మూలవ్యయమునకు 2.3 రెట్లు. ఈ 2.3 అను అంకెను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. అరుగుమీద కూర్చుండి ఈ ప్రసంగము వినువారికి 2,110 చాలును, వయసు పైబడినవారికి అంతకంటెను తక్కువ చాలును. కావున రెండవ వడ్డనకు నా ప్రసంగమును సాక్ష్యముగ చూపవలదు.

ఇక పందెగాండ్ర సంగతి. నేలమీద పరుగెత్తువాడు తన బరువులో ఒక్కొక్క కిలోకు, కిలోమీటరొకటింటికి, ఇంచుమించు ఒక కేలరీ ఖర్చుచేయును. మెల్లగా పరుగెత్తినను, వడిగా పరుగెత్తినను దూరమునకు లెక్క పెద్దగా మాఱదు. మారథాన్ పరుగు 42 కిలోమీటర్లు దాటి 195 మీటర్లు. 60 కిలోల మనుష్యుడు దానిని ముగించుటకు 2,500 కేలరీలు, అనగా ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ బియ్యము, పట్టును. 2023లో చికాగో నగరమున కెన్యా దేశీయుడు కెల్విన్ కిప్టమ్ ఆ దూరమును 2 గంటల 35 సెకండ్లలో ముగించెను. అంతటి వేగముతో పోవు 60 కిలోల పరుగుగానికి గంటకు 1,250 కేలరీలు ఖర్చగునన్నమాట.

సైకిలు త్రొక్కువాని బరువును ఆసనము మోయును. వానికి పగవాడు గాలి. వేగము రెట్టింపైనచో గాలిని చీల్చుటకు నిమిషమునకు పట్టు శక్తి ఎనిమిది రెట్లగును. కావుననే పందెగాండ్రు కొంగలబారువలె ఒకరివెనుక నొకరు పోవుదురు. ముందువాని చాటున నున్నవానికి ఆ శ్రమలో మూడవ వంతు వఱకు తగ్గును. స్కీ పందెగానికి కాళ్లును చేతులును ఒక్కసారే పనిచేయవలయును. విశ్రాంతిగా నున్న మనుష్యుడు నిమిషమునకు పావు లీటరు ప్రాణవాయువును వాడుకొనును. మేటి స్కీ పందెగాండ్రును పడవ పందెగాండ్రును ఆఱు లీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి వాడగలరు. లీటరు ప్రాణవాయువునకు ఇంచుమించు అయిదు కేలరీలు లెక్క. కావున నిమిషమునకు ముప్పది కేలరీలు! అయినను 2,000 మీటర్ల పడవ పందెము ఆఱు నిమిషములలో ముగిసిపోవును. మొత్తమునకు ఖర్చు రెండువందల కేలరీల దరిదాపు, అరువది గ్రాముల బియ్యము. నిమిషపు లెక్కలో మొదటివాడు పందెపు లెక్కలో కడపటివాడయ్యెను.

ఈతగాండ్రను గూర్చి అతిశయోక్తులు మెండు. 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలనాడు మైకేల్ ఫెల్ప్స్ దినమునకు 12,000 కేలరీల ఆహారము తినునని పత్రికలు చాటినవి. అది కల్పన యని తరువాత ఆయనయే చెప్పెను. చెమటను చూచి శ్రమను కొలుచుటయు ఇట్టి పొరపాటే. కండరము ఖర్చుచేసిన శక్తిలో నాలుగవ వంతు పనిగా మాఱును, తక్కినది వేడిమిగా పోవును. మన సముద్రతీరమున వైశాఖమాసములో ఊరక కూర్చున్నవానికిని చెమట కాఱును గదా!

ఒక పూట ఖర్చును ముఖమునకు గొట్టము తగిలించి కొలువవచ్చును. కొండలెక్కుచు దినములకొలది సైకిలు త్రొక్కువానికి గొట్టము తగిలించుట పొసగదు. దీనికి అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమున నాథన్ లిఫ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1950ల నాట ఒక చక్కని ఉపాయము కనిపెట్టెను. సాధారణమైనవానికంటె బరువైన ఉదజనితోను, బరువైన ప్రాణవాయువుతోను కూడిన నీటిని కొంచెము త్రాగింతురు. ఆ ఉదజని నీటి రూపముననే వెలికి పోవును. ఆ ప్రాణవాయువు నీటిగా కొంతయు, మనము విడుచు బొగ్గుపులుసు వాయువుగా కొంతయు పోవును. మూత్రమును పరీక్షించి, ఈ రెండింటిలో ఏది ఎంత త్వరగా తరుగుచున్నదో చూచినచో, ఆ తేడాయే దేహము విడిచిన బొగ్గుపులుసు వాయువు. దానినిబట్టి లోపల ఎంత ఇంధనము కాలెనో తెలియును. 1982 మొదలు ఈ పద్ధతి మనుష్యులకును వాడుకలోనికి వచ్చినది.

ఈ నీటినే 1980ల నాట హాలండు శాస్త్రజ్ఞులు ఫ్రాన్సుదేశపు మహా సైకిలు పందెమైన టూర్ ద ఫ్రాన్స్‌లోని పందెగాండ్రచే త్రాగించిరి. ఆ పందెము మూడువారములకు పైగా సాగును. 3,000 కిలోమీటర్లకు పైబడిన దారి, నడుమ ఆల్పు పర్వతములు. సగటున దినమునకు ఆఱువేల కేలరీలు, మిక్కిలి కఠినమైన దినమున 7,800 వఱకు వారికి ఖర్చయినవి. మూలవ్యయమునకు నాలుగైదు రెట్లు! రెండు కిలోల బియ్యము ఒక్క దినమున ఎట్లు తినగలరు? తినుటయే ఆ పందెములో సగము విద్య. సైకిలుపైననే చక్కెర నీరు త్రాగుదురు, కాగితమున చుట్టిన తీపి అన్నపు ముద్దలు నమలుదురు. ఆ దొరలకు మన అన్నమే దిక్కగుట చూచి నాకు కొంత ముచ్చట గలిగినది.

స్వీడను దేశపు స్కీ పందెగాండ్రను ఒక వారము సాధన శిబిరములో కొలిచినప్పుడు పురుషులకు సగటున 7,200 కేలరీలు, స్త్రీలకు 4,400 ఖర్చయినట్లు 1994లో ప్రకటించిరి. దినపు లెక్కలో వీరు సైకిలువారిని మించిరి. పందెము కాకపోయినను మఱియొక దృష్టాంతము చెప్పవలసియున్నది. 1992-93లో రానుల్ఫ్ ఫైన్స్, వైద్యుడైన మైక్ స్ట్రౌడ్ అను ఇంగ్లీషువారిద్దఱు దక్షిణ ధ్రువఖండమున బండ్లను తామే లాగుకొనుచు 95 దినములు నడచిరి. కొన్నిదినములు వారి ఖర్చు 11,000 కేలరీలను దాటెను. తినినది దాదాపు 5,000. తక్కిన అప్పును ఒడలినుండి తీర్చిరి. ఒక్కొక్కరు 20 కిలోలకు పైగా చిక్కిపోయిరి.

ఇట్టి అప్పు ఎంతకాలము సాగును? 2015లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ ప్రాంతము మొదలు వాషింగ్టను వఱకు, వారమునకు ఆఱు దినములు, దినమునకొక మారథాన్ చొప్పున కొందఱు 140 దినములు పరుగెత్తిరి. వారిని కొలిచిన శాస్త్రజ్ఞులు 2019లో ఫలితములు ప్రకటించిరి. మొదటివారములలో దినమునకు 6,200 కేలరీలుగా నున్న ఖర్చు, పరుగు తగ్గకున్నను, కడపట 4,900కు దిగెను. దేహము తక్కిన పనులలో పొదుపు మొదలుపెట్టినదన్నమాట. సైకిలు, స్కీ, ధ్రువయాత్ర, పరుగు, అన్నిటి లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, కాలము పెరిగినకొలది అన్నియు ఒక్క హద్దునకే దిగుచున్నవి. ఆ హద్దు మూలవ్యయమునకు 2.5 రెట్లు. ప్రేవులు దినదినమును ఇముడ్చుకొనగల ఆహారమునకు మేర యుండుటయే దీనికి కారణమై యుండునని వారి అభిప్రాయము. గుండెయు కండరములును ఇంకను పనిచేయగలిగినను కడుపు ఒప్పుకొనదు.

ఇప్పుడు 2.3 అను అంకెను తలచుకొందము. సైకిలు పందెగానికి వంటవాడు, వైద్యుడు, ఒడలు పట్టువాడు వెంట నుందురు. మూడువారములు దాటగనే పందెము ముగియును. ట్రాక్టరులు వచ్చిన పిమ్మట పొలములో కఠినశ్రమ కొంత తగ్గినమాట నిజమే. అయినను మూటలు మోయువారును, ఇటుకబట్టీలలో పాటుపడువారును, చెఱకు నఱకువారును నెలలకొలది నిలుపుకొను ఖర్చు, మేటి పందెగాండ్రు నెలలకొలది నిలుపగలిగిన హద్దునకు ఒక్క అడుగు దూరమున నున్నది. కేకలు వేసినంతమాత్రమున ఆ హద్దు జరుగదు. కూటికి కొఱత పడినచో దేహము ముందు క్రొవ్వును, పిదప కండను కరగించుకొనును. పని మందగించును. దానిని సోమరితనమని నిందించుట మనలో కొందఱకు అలవాటు. ఆ మాట చాలవఱకు లెక్క తెలియక పలికెడిదని నా నమ్మకము.

ఆ శాస్త్రజ్ఞుల పటములోనే మఱియొక గుర్తు గలదు. నిండు గర్భిణి ఖర్చు మూలవ్యయమునకు 2.2 రెట్లు. ఆమె పోటీలో లేదు, ఆమెకు పతకమును లేదు. మన 2020 నాటి పట్టిక గర్భిణికి దినమునకు 350 కేలరీలు, పాలిచ్చు తల్లికి మొదటి ఆఱు నెలలు 600 కేలరీలు అదనముగ కావలయునని చెప్పుచున్నది. బియ్యముతో లెక్కించినచో మొదటిది నూఱు గ్రాములు, రెండవది నూటడెబ్బది. అందఱును భుజించిన పిమ్మట కుండలో మిగిలినది తిను కోడలికి ఈ అదనపు గ్రాములు సామాన్యముగ దొరకవు. అవి వడ్డనకు ముందే తీసి యుంచవలసినవి.