జేబులో పాటలపెట్టె – కొనబోయేముందు

పాట వినటానికి ప్రత్యేకంగా ఒక పరికరం యెందుకు, అందరి చేతుల్లోనూ ఫోన్లు వున్నవి గదా అని పాఠక మహాశయులు ప్రశ్నించవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. 2001 అక్టోబరులో వచ్చి లోకాన్నంతా వూపిన ఐపాడ్‌ను, తయారుచేసిన ఆపిల్ కంపెనీయే 2022 మే నెలలో నిలిపివేసింది. అయితే పట్నం జేబుల్లోంచి వెళ్లిపోయిన వస్తువు మా బోటి సేద్యగాండ్ల యిండ్లలో యింకా అవసరంగానే వున్నదనీ, దాన్ని వెయ్యి రూపాయల లోపల తెలివిగా కొనవచ్చుననీ చెప్పటానికే యీ వ్యాసం.

మాది ఆళ్లగడ్డకు అవతల, నల్లమల అంచున వుండే పల్లె. యింట్లో పెద్ద ఫోను ఒకటే. అది యింటర్ చదివే మా చెల్లెలి పాఠాలకు కావాలి. మొక్కజొన్న కంకి వేసినప్పటి నుంచి కోత దాకా మా నాయన రాత్రిళ్లు చేలో మంచె మీదనే పండుకుంటాడు. అడవి పందుల బెడద అట్లాంటిది. ఒక్క రాత్రి కన్ను మూతబడితే తెల్లారేసరికి నాలుగు సాళ్లు నేలమట్టం. పాట వింటూ వుంటే నిద్ర రాదని నాయన, ఫోను పోతే చదువు పోతుందని చెల్లెలు. పైగా చేలో సిగ్నల్ ఒక గట్టు మీద దొరికితే యింకో గట్టు మీద దొరకదు. కండ్లు సరిగా ఆనని మా జేజికి పగలు కీర్తనలు కావాలి. యింకో పెద్ద ఫోను కొంటే నా పరీక్ష ఫీజు సంగతేమిటి? "వెయ్యికి లోపల యేదన్నా వుంటే చూడప్పా, లేకుంటే వద్దు" అన్నాడు నాయన. పోయిన సంవత్సరం నేను నంద్యాల అంగళ్లన్నీ తిరిగింది ఆ ఒక్క మాట మీద. సైన్సు విద్యార్థిని గనుక, తిరిగినదానికి తోడు కొంత లెక్క గూడా వేశాను.

మొదట లోపల జరిగేదేమిటో చూద్దాము. కె.సి. కాలువ మీద లస్కరు గేజి కర్ర చూసి నీటిమట్టాన్ని పుస్తకంలో రాసుకుంటాడు గదా. ధ్వనిని గూడా అట్లాగే రాసుకుంటారు. కాకపోతే పూటకొకసారి కాదు, సెకనుకు 44,100 సార్లు. మనిషి చెవి వినగలిగేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జుల దాకా. ఒక అలను సరిగా పట్టుకోవాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటె యెక్కువ సార్లు కొలవాలి గనుక, యీ 44,100 అనే సంఖ్య సీడీలకు నిర్ణయమైంది. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, కుడియెడమలకు రెండు వరుసలు – లెక్క కడితే సెకనుకు 14,11,200 బిట్లు. అయిదు నిమిషాల పాట 53 ఎంబీ అవుతుంది.

అంత బరువును మోయలేకనే జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థవారూ, మరికొందరు శాస్త్రజ్ఞులూ కలిసి ఎంపీ3 పద్ధతిని రూపొందించారు. అందులోని కిటుకు గణితంలో కంటె మన చెవిలోనే యెక్కువగా వున్నది. తిరునాళ్లలో మైకు పక్కన నిలబడితే పక్కవాడి గుసగుస వినపడదు. పాటలో గూడా ఒక పెద్ద శబ్దం దగ్గరి చిన్న శబ్దాన్ని కప్పేస్తుంది. యెట్లాగూ వినపడనిదాన్ని దాచటమెందుకని ఎంపీ3 దాన్ని వదిలేస్తుంది. సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన కుదిస్తే ఆ 53 ఎంబీల పాట 4.8 ఎంబీలకు దిగుతుంది. 1998లో కొరియా దేశపు సేహన్ కంపెనీ తెచ్చిన ఎంపీమ్యాన్ అనే తొలి ప్లేయరులో వున్న చోటు 32 ఎంబీలే. అంటే యిటువంటి పాటలు ఆరు! యీనాడు 32 జీబీల చిప్పులో 6,600 పైచిలుకు పాటలు పడతాయి. రోజుకు యెనిమిది గంటలు విన్నా పాడిన పాట పాడకుండా రెండు నెలలు దాటుతుంది. (మెమరీ కార్డును మా వైపు చిప్పు అనే అంటారు, నేనూ అట్లాగే రాస్తాను.)

కనుక 64, 128 జీబీలని అట్టపెట్టె మీద పెద్దక్షరాలు చూసి మురిసిపోవలసిన పని లేదు. చౌక ప్లేయర్లు చాలావరకు 32 జీబీ దాకానే చదువుతాయి. ఆ పైవాటిని వేరే పద్ధతిలో ఫార్మాట్ చేసి అమ్ముతారు. అది చిన్న యంత్రాలకు అర్థం కాదు. "హెచ్‌డీ పాటలు వేస్తాం, రేటు యెక్కువ" అనే మాటకు గూడా లొంగనక్కరలేదు. 128లో కుదించిన పాటను మళ్లీ 320కి మార్చితే ఫైలు లావవుతుందే గాని, పోయిన నాదం తిరిగి రాదు. పిండి అయినాక దాన్ని గింజలు చెయ్యగలమా?

నంద్యాలలో యీ ధరలో నాకు కనబడినవి మూడు రకాలు. చొక్కాకు తగిలించుకొనే అగ్గిపెట్టెంత ప్లేయరు ఒకటి. మూడు నాలుగు వందలు చెప్పారు. తెర వుండదు, మీటలు నాలుగైదు, చెవిలో పెట్టుకొనే తీగ దానితోనే యిస్తారు. రెండోది స్పీకరు డబ్బా – చిప్పు, పెన్‌డ్రైవ్, రేడియో అన్నీ పలుకుతాయి. అయిదు వందల నుంచి మొదలు. మూడోది మీటల ఫోను. పాటలకని దాన్ని కొనేవాళ్లు చాలామంది వున్నారు, అందులో తప్పు లేదు. కాని అన్ని మీటల ఫోన్లకూ చిప్పు పెట్టే చోటు వుండదు. వెనక మూత తీయించి చూసిన తర్వాతనే డబ్బులివ్వండి. పాత గ్రామఫోన్ కంపెనీ అయిన సరిగమ వారు 2017లో తెచ్చిన కారవాన్ వంటివి గూడా వున్నాయి. పాటలు ముందే నింపి వుంటాయి, పెద్దవాళ్లకు మీట తిప్పితే చాలు. జేజికి అదే సరైనదని నా అభిప్రాయం. అయితే మా గీత వెయ్యి దగ్గర గీసి వున్నది.

వీటిలో యేది మంచిది అని అడిగితే జవాబు లేదు. వినేది యెవరు, యెక్కడ, అప్పుడు వాళ్ల చేతులు, చెవులు యే పనిలో వుంటాయి అని అడిగితే జవాబు తనంతట అదే వస్తుంది. నంద్యాల బస్సులో గంటసేపు కూర్చొని వచ్చే విద్యార్థికి అగ్గిపెట్టె ప్లేయరు చాలు; దాంట్లో సినిమా పాటలే వుండాలని యేమీ లేదు. గంట పాఠాన్ని 64 కిలోబిట్లలో కుదిస్తే 29 ఎంబీలే. మాటకు అంతకు మించి అక్కరలేదు. నేను వృక్షశాస్త్రం నోట్సు నా గొంతుతోనే చదివి నింపుకున్నాను. (నా గొంతు నేనే వినలేకపోయాననేది వేరే సంగతి.) ఫోనులో అయితే పాఠం మధ్యలో యింకేదో తెర మీదికి వచ్చి పిలుస్తుంది, తెర లేని ప్లేయరు పిలవదు. కాని అదే ప్లేయరును మంచె మీదికి పంపితే ప్రమాదం. చెవులు రెండూ మూసుకొని కూర్చున్న మనిషికి పంది అడుగు వినబడదు, పాము బుస వినబడదు. చేనికి స్పీకరే కావాలి.

బ్యాటరీ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, యెక్కువమంది మోసపోయేది యిక్కడే. బ్యాటరీ మీద ఎంఏహెచ్ అని ఒక అంకె వుంటుంది. యంత్రం యెన్ని మిల్లీ ఆంపియర్లు లాగుతుందో దానితో భాగిస్తే గంటలు వస్తాయి. 200 ఎంఏహెచ్ బ్యాటరీ వుండి 25 మిల్లీ ఆంపియర్లు లాగితే 8 గంటలు. స్పీకరు అయితే శబ్దాన్ని బట్టి వంద, నూట యాభై గూడా లాగుతుంది. అప్పుడు వెయ్యి ఎంఏహెచ్ వున్నా యేడెనిమిది గంటలే, అంటే ఒక రాత్రి. బ్లూటూత్ పెడితే అదనపు ఖర్చు. అతికించేసిన బ్యాటరీ వున్న డబ్బాను, చూడ్డానికి యెంత సొగసుగా వున్నా, నేను కొనవద్దంటాను. రెండేండ్లకు బ్యాటరీ చచ్చిపోతే డబ్బా మొత్తం చెత్తబుట్టకు పోవలసిందే. వెనక మూత తీసి మార్చుకొనే సెల్లు వున్నది చూడండి. ఒకప్పటి నోకియా ఫోన్లలో వచ్చిన బీఎల్-5సీ అనే సెల్లు, 1,020 ఎంఏహెచ్‌ది, యీనాటికీ యెన్నో రేడియోల్లో, డబ్బాల్లో సరిపోతుంది. ఆళ్లగడ్డలో గూడా దొరుకుతుంది. కాని సెల్లు మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అనే సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య వున్నాయేమో చూసుకోవాలి. లిథియం సెల్లు వేడెక్కితే పరిహాసం కాదు. 2007 ఆగస్టులో నోకియా కంపెనీయే యీ రకం సెల్లులు 4 కోట్ల 60 లక్షలకు వేడెక్కే ప్రమాదముందని హెచ్చరించి, వాటిని మార్చి యిస్తామన్నది. ఛార్జింగు పెట్టి పరుపు కింద దాచటం, యెండలో మంచె మీద వదిలెయ్యటం చేయకూడదు.

చిప్పు విషయంలో మా గది మిత్రుడొకడికి జరిగింది చెబుతాను. యెక్కడో సంతలో 64 జీబీ చిప్పు నూట యాభైకి తెచ్చినాడు. కంప్యూటరులో పెడితే 64 అనే చూపింది. పాటలు నింపాడు, మొదటి వెయ్యిన్నర పలికాయి, ఆ తర్వాత ఫైలు పేరు వుంది, పాట లేదు. లోపల నిజంగా వున్నది 8 జీబీలే. చిప్పులో వుండే చిన్న అధికారి, అంటే కంట్రోలరు, అబద్ధం చెప్పేటట్టు మార్చి పెడతారు. యీ బండారాన్ని బయటపెట్టడానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే వుచిత ప్రోగ్రాములు వున్నాయి. చిప్పు నిండా రాసి, మళ్లీ చదివి, యెంత నిజమో చెబుతాయి. అవి తెలియనివాళ్లు కొన్న రోజే చిప్పును పూర్తిగా నింపి, ఒకసారి తీసి పెట్టి, మొదలు, నడుమ, చివర వున్న పాటలు మోగించి చూడవచ్చు. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోవాలి. ఆ మిత్రుడి దగ్గర బిల్లు లేదు, అంగడివాడు గుర్తే పట్టలేదు.

చెవుల మాట గూడా చెప్పకుండా ముగించలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు. అక్కడి నుంచి మూడు డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా కాలం సగమవుతుంది: 83కి 20 గంటలు, 86కి 10, 89కి అయిదు. మన కాలేజీలో అందరూ వింటున్నది యే అంకె దగ్గరో యెవరూ కొలిచి వుండరు. ఆళ్లగడ్డ శిల్పాలకు పేరు మోసిన వూరు. అక్కడి పనిశాలల ముందు నిలబడితే రాయి కోసే మిషను శబ్దానికే చెవులు గింగురుమంటాయి. కుర్రవాళ్లు కొందరు ఆ మిషను దగ్గరే చెవిలో తీగలు పెట్టుకొని, మిషను వినబడకుండా పాట పెంచుతారు. మిషను శబ్దం తగ్గదు, దానిమీద పాట శబ్దం చేరుతుంది. బస్సులో మనం చేసేదీ అదే. యెక్కువ ధర ప్లేయరు కంటె, చెవి రంధ్రానికి సరిగా అతికి బయటి శబ్దాన్ని ఆపే రబ్బరు బుడిపెల తీగ మేలు; అప్పుడు సగం శబ్దానికే పాట వినబడుతుంది. కొనేచోట తీగను పెట్టి అటూ యిటూ కదిలించండి. గరగరమంటే ఆ రంధ్రం వదులు, ఆ ప్లేయరు మీకొద్దు.

చివరకు మా యింటికి వచ్చింది సెల్లు మార్చుకొనే స్పీకరు డబ్బా. డబ్బా 550, 32 జీబీ చిప్పు 300, అదనపు సెల్లు 120, మొత్తం 970 రూపాయలు. మీటలు మోటుగా వుంటాయి, చీకట్లో చేతికి తెలుస్తాయి. జేజి కోసం అయిదు నంబరు మీటకు మాత్రం బొట్టుబిళ్ల అంటించాను. పగలు డబ్బా ఆమెది, రాత్రి నాయనది. ఒక సెల్లు మోగుతుంటే రెండోది మరుసటి రోజుకు సిద్ధంగా వుంటుంది.

నింపేటప్పుడు ఒక సంగతి గమనించాలి. యిటువంటి డబ్బాలు చాలావాటికి అక్షరక్రమం తెలియదు. చిప్పులోకి యేది ముందు యెక్కిందో దాన్నే ముందు పాడతాయి. అన్నీ ఒక్కసారి గుంపుగా వేస్తే వరుస తారుమారవుతుంది. అందుకని 001, 002 అని పేర్లు పెట్టి ఆ వరుసలోనే ఒక్కొక్కటే యెక్కించాలి. యీ లక్షణమే మాకు కలిసివచ్చింది. నాయన హోయ్ హోయ్ మని కేకలేస్తూ తగరపు డబ్బా కొట్టే శబ్దాన్ని చెల్లెలి ఫోనులో రికార్డు చేసి, ప్రతి నాలుగు పాటల తర్వాత ఒకటి వచ్చేటట్టు వరుసలో పెట్టాను. నాయన రెప్ప వాలినా కేక ఆగదు. ఒకే కేక అయితే పందులు దానికి అలవాటు పడిపోతాయి గనుక పది రోజులకొకసారి మార్చాలి. శనివారం వూరికి పోయినప్పుడు ఆ పని నాది.