పాత కారుకు కొత్త ఇంజన్ ఎలా బిగిస్తారు?

పిల్లలూ, రోడ్డు మీద ఎప్పుడైనా తెల్లటి అంబాసిడర్ కారు చూశారా? ఆకారం తాతల నాటిదే. లోపలి ఇంజన్ మాత్రం వేరేది కావచ్చు! ఒక కారు ఇంజన్ ఇంకో కారుకు ఎలా సరిపోతుంది?

1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 దాకా సాగింది. 1990లలో దాన్ని తయారుచేసే హిందుస్థాన్ మోటార్స్ సంస్థే ఆ కారులో జపాన్ కంపెనీ ఇసుజు రూపొందించిన 1.8 లీటర్ల ఇంజన్ పెట్టింది. నాలుగు గేర్లకు బదులు ఐదు గేర్ల గేర్‌బాక్సు కూడా వచ్చింది.

ఇంజన్, గేర్‌బాక్సు రెండూ ఎందుకు మార్చాలి? అమ్మ మిరప్పొడి కొట్టే మిక్సీ చూడండి. వేరే కంపెనీ జార్ మోటారు మీద సరిగ్గా కూర్చోదు. జార్ అడుగు పళ్లు, మోటారు పైపళ్లు కలిస్తేనే బ్లేడు తిరుగుతుంది. ఇంజన్, గేర్‌బాక్సు కూడా అంతే. బోల్టు రంధ్రాలు కలవాలి, తిరిగే కడ్డీ క్లచ్ ప్లేటు గాడుల్లో దిగాలి. అందుకే రెండింటినీ జంటగా తెస్తే పని తేలిక.

మెకానిక్ ముందు పాత ఇంజన్‌ను గొలుసుతో పైకి లేపి తీస్తాడు. కొత్తదాన్ని నిలబెట్టడానికి ఇనుప పట్టీలు వెల్డింగ్ చేస్తాడు. మధ్యలో రబ్బరు దిమ్మలు పెడతాడు, అదురు తగ్గాలిగా! వెనక చక్రాలకు బలం మోసే పొడవాటి గొట్టాన్ని కొత్త కొలతకు కోసి అతుకుతారు. రేడియేటర్, వైర్లు, బ్రేకులు కూడా సరిచూడాలి. బలం పెరిగిన బండి ఆగడం కూడా నేర్వాలి కదా!

ఇంకో మాట. ఇంజన్ నంబరు బండి రిజిస్ట్రేషన్ పత్రంలో (ఆర్‌సీ) ఉంటుంది. కాబట్టి మార్చే ముందే రవాణా కార్యాలయం (ఆర్టీవో) అనుమతి తీసుకోవాలి.