ఫైనల్ ఎంబీబీఎస్ క్లినికల్స్: రోగి మాటల నుంచే రివిజన్

ఈ సమాచారం ఎవరికి?
పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదువుతూ ఫైనల్ ఎంబీబీఎస్ జనరల్ మెడిసిన్ ప్రాక్టికల్స్ రాయబోతున్న విద్యార్థులకు.

ప్రాక్టికల్స్ ఎందుకంత ముఖ్యం?
థియరీలో ఎన్ని మార్కులు వచ్చినా ప్రాక్టికల్స్‌లో విడిగా పాస్ కావాల్సిందే. ఇక్కడ పోతే ఇంటర్న్‌షిప్ ఆలస్యమవుతుంది, దాంతో స్టైపెండ్ కూడా ఆలస్యమవుతుంది. ఆ నెలల ఖర్చు ఇంటి మీద పడుతుంది. స్కాలర్‌షిప్‌తో చదివే ఇంట్లో అది చిన్న విషయం కాదు.

హాజరు సంగతి ముందు చూసుకోండి. స్కాలర్‌షిప్‌కు 75 శాతం చాలు కదా అని ఆగిపోకండి. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం పరీక్షకు కూర్చోవాలంటే థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్, క్లినికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. రెండూ వేరువేరు లెక్కలు.

కోచింగ్, యాప్ లేకపోతే వెనకబడతామా?
లేదు. యాప్‌లు ఎక్కువగా బహుళైచ్ఛిక ప్రశ్నలకు పనికొస్తాయి. ప్రాక్టికల్స్‌లో మీ ముందు ఉండేది ప్రశ్నపత్రం కాదు, మంచం మీద ఉన్న మనిషి. ఆ మనిషి మాట్లాడేది చాలావరకు తెలుగే. తెలుగు మీడియంలో చదివి, పల్లె నుంచి వచ్చినవాళ్లకు ఇది పెద్ద బలం. రోగి చెప్పిన మాటను సరిగ్గా విడదీసి, వైద్య పదంలోకి మార్చడమే మీరు సాధన చేయాల్సింది.

ఒక మాటకు రెండు మూడు అర్థాలు ఉంటాయి. అడిగి తేల్చుకోండి:

• "ఆయాసం", "ఎగపోత", "దమ్ము": ఎంత పని చేస్తే వస్తుంది? ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటారు? పడుకుంటే పెరిగి, కూర్చుంటే తగ్గితే ఆర్థాప్నియా. అర్ధరాత్రి నిద్రలోంచి లేపితే పీఎన్‌డీ.

• "నీరు పట్టింది": ముందు ఎక్కడ పట్టింది? కాళ్లకు మొదలై తర్వాత పొట్టకు వస్తే గుండె వైపు ఆలోచించండి. ముందు పొట్ట ఉబ్బి తర్వాత కాళ్లకు వస్తే కాలేయం. పొద్దున్నే లేచేసరికి ముఖం, కళ్ల కింద వాపు ఉంటే మూత్రపిండాలు. ఇవి దారి చూపేవే, పరీక్ష చేసి తేల్చాలి.

• "రక్తం పడింది": దగ్గితే పడిందా, వాంతిలో పడిందా? మొదటిది హీమాప్టిసిస్, రెండోది హెమటెమిసిస్. విరేచనం తారులా నల్లగా, జిగటగా అయిందా అని కూడా అడగండి. అది మెలీనా.

• "కళ్లు తిరుగుతున్నాయి": గది గిర్రున తిరిగినట్టుందా, కళ్లకు చీకట్లు కమ్మినట్టుందా? మొదటిది వెర్టిగో. రెండోదైతే బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం వంటివి ఆలోచించాలి.

• "అప్పుడప్పుడూ తాగుతా": ఎంత, ఎన్నేళ్లుగా అని అడగండి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ అయితే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కేసు చెప్పేటప్పుడు గ్రాముల్లో చెప్పగలగాలి.

నాలుగు వారాల ప్రణాళిక

1వ వారం: గుండె. రుమాటిక్ గుండె జబ్బు, మైట్రల్ స్టెనోసిస్.
2వ వారం: ఊపిరితిత్తులు. ప్లూరల్ ఎఫ్యూజన్, సీఓపీడీ.
3వ వారం: పొట్ట. సిర్రోసిస్, అసైటిస్, ప్లీహం పెరగడం.
4వ వారం: నాడీ వ్యవస్థ. పక్షవాతం, అంటే హెమిప్లీజియా.

రోజుకు ఒక్క రోగి చాలు. హిస్టరీకి 20 నిమిషాలు, పరీక్షకు 20, రాసుకోవడానికి 5. మీ కాలేజీలో లాంగ్ కేసుకు ఇచ్చే సమయం వేరేగా ఉంటే దాని ప్రకారం సర్దుకోండి. ముందు పాలిపోవడం, కామెర్లు, నీలివర్ణం, క్లబ్బింగ్, లింఫ్ గ్రంథులు, వాపు చూడండి. ఆ తర్వాత చూడటం, తాకడం, తట్టడం, వినడం, ఇదే క్రమంలో చేయండి. పొట్టకు మాత్రం తాకకముందే వినాలని కొందరు నేర్పుతారు. మీ సార్ చెప్పిన పద్ధతే పాటించండి.

సాయంత్రం హాస్టల్లో రూమ్మేట్‌ను ఎగ్జామినర్‌గా కూర్చోబెట్టి ఆ కేసును పైకి చెప్పండి. మనసులో చదువుకుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, నోరు విప్పితేనే ఎక్కడ ఆగిపోతున్నామో తెలుస్తుంది. ఇంగ్లిష్ తడబడితే చిన్న చిన్న వాక్యాలే వాడండి. పేరు, వయసు, ఊరు, పని. ఏ బాధ, ఎన్నాళ్లుగా. ఏం ఉంది, ఏం లేదు. చివర రెండు వాక్యాల్లో సారాంశం. ఎగ్జామినర్ చూసేది మీ యాస కాదు, మీ ఆలోచన క్రమం.

ఎగ్జామినర్ ఏం అడుగుతారు?
ఎక్కువగా "ఎందుకు?" అని అడుగుతారు. ఉదాహరణకు ప్లూరల్ ఎఫ్యూజన్ అన్నారనుకోండి. తట్టితే రాయి మీద తట్టినట్టు మొద్దు శబ్దం, శ్వాస శబ్దాలు తగ్గడం, నీరు ఎక్కువైతే శ్వాసనాళం అవతలి వైపు జరగడం చెప్పాలి. "మరి కొలాప్స్ ఎందుకు కాదు?" అంటే, అందులో శ్వాసనాళం అదే వైపుకు లాగబడుతుందని చెప్పాలి. ప్రతి కేసుకూ ఇలా ఒక "ఎందుకు", ఒక "ఎందుకు కాదు" రాసి పెట్టుకోండి.

ఇది మాత్రం చేయొద్దు
పుస్తకంలో ఉందని, మీకు వినబడని మర్మర్‌ను వినబడిందని చెప్పొద్దు. కేస్ షీట్ చూసి డయాగ్నోసిస్ పట్టుకుని హిస్టరీని దానికి అతికించొద్దు. "నాకు వినబడలేదు సార్" అంటే కొన్ని మార్కులు పోవచ్చు. లేనిది ఉందంటే ఎగ్జామినర్ నమ్మకమే పోతుంది. రేపు డ్యూటీలో అదే అలవాటు రోగి ప్రాణం మీదకు తెస్తుంది.

రోగి దగ్గర మర్యాద
"అమ్మా, నేను విద్యార్థిని, మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడిగి పరీక్ష చేయొచ్చా?" అని అడగండి. వద్దంటే వదిలేయండి. తెర లాగండి, చేతులు కడుక్కోండి. భోజనం వేళ, ఆయాసంతో ఉన్నప్పుడు విసిగించొద్దు. వాళ్ల ఫొటోలు, వివరాలు గ్రూపుల్లో పెట్టొద్దు. మనలాంటి ఇళ్ల నుంచే వాళ్లూ వచ్చారు.

గుర్తుంచుకోండి
✔ కొత్త పుస్తకాలు కొనక్కర్లేదు. హచిసన్, మాక్లియోడ్ వంటి క్లినికల్ పుస్తకాలు కాలేజీ లైబ్రరీలో అడగండి. బుక్ బ్యాంక్ ఉంటే వాడుకోండి.
✔ హాజరు శాతం, ఇంటర్నల్ మార్కులు ఇప్పుడే సరిచూసుకోండి.
✔ ఏదైనా సబ్జెక్టు ఉండిపోతే, అనారోగ్యంతో పరీక్ష రాయలేకపోతే, ఆగకుండా కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో రెన్యువల్ గురించి అడగండి. డాక్టర్ సర్టిఫికెట్ జాగ్రత్త చేసుకోండి.
✔ ఈ పీడీఎఫ్‌ను మీ బ్యాచ్ గ్రూపులో పంపండి. రేపటి నుంచి కేసు చెప్పడానికి ఒక జోడీని వెతుక్కోండి.